కోట్‌పల్లి నీళ్ళ మీద జారిన బెల్టు

తాండూరులో మాది బెల్టులు, బేరింగులు అమ్మే దుకాణం. మామగారు పోయి, మా ఆయన వెంకటేశ్వర్ నాపరాళ్ళ లారీల వెంట తిరగడంలో పడ్డాక గల్లా ముందు నేను కూర్చున్నాను. మొదట్లో వచ్చినవాళ్ళు నన్ను చూసి "సేటు లేడా అమ్మా?" అంటూ గడపలోనే నిలబడిపోయేవాళ్ళు. "సేటు లేడు, బెల్టులున్నయి. కావాల్నా వద్దా?" అనేదాన్ని. నా నోటికి జడిసి కొందరు, సరుకు మీద నమ్మకంతో కొందరు మెల్లగా అలవాటు పడ్డారు.

ఈ వ్యాపారంలో నాకు బాగా తెలిసివచ్చింది ఒకటే. బెల్టు తెగితే అందరూ బెల్టునే తిడతారు. పిండిగిర్నీ వాడు కానీ, రాళ్ళ పాలిష్ మిషను వాడు కానీ, తెగిన ముక్కను నా ముఖం ముందు ఊపి "ఏం సరుకమ్మా గిది?" అని దబాయిస్తాడు. నేను ఊరుకునే రకం కాదు. నకిలీ సరుకు మా గడప తొక్కదని, అనుమానముంటే ఇంకో దుకాణం చూసుకోమని ముఖం మీదే చెప్పేస్తాను.

బెల్టును తిట్టని మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు శంకరప్ప. పాత బెల్టును వెలుతురుకు తిప్పి, అంచు మీద బొటనవేలు రాసి, "గీ పక్క ఒక్కటే అరిగింది సూడు. బెల్టుది తప్పు లేదమ్మా. పుల్లీ జర పక్కకు జరిగింది. నేనే సూసుకోలె" అనేవాడు. అట్లా ఒప్పుకునే గిరాకీ దొరికితే దుకాణదారుకు పండగే కానీ, ఆయన మా గడప ఎక్కేదే ఎప్పుడో ఒకసారి. "నీలాంటోళ్ళు పదిమందుంటే నేను షట్టర్ దించుకోవాలె శంకరన్నా" అనేదాన్ని. తల గోక్కుని నవ్వేవాడు.

వాళ్ళది కోట్‌పల్లి ప్రాజెక్టు అవతలి ఒడ్డున చిన్న పల్లె. కురుమలు, తాతల నాటి నుంచీ గొర్రెల మీద బతికిన ఇల్లు. రుక్కమ్మను చేసుకున్ననాటికి మంద పెద్దదే. బీళ్ళన్నీ పొలాలై, కొన్ని ప్లాట్లై, మేపడానికి జాగా లేక మంద కరిగిపోయింది. అప్పుడు తాండూరు వచ్చి రాళ్ళ పాలిష్ యూనిట్లో కుదిరాడు. ఆ దుమ్ములో దగ్గు పట్టుకుంటే రుక్కమ్మ పోరి మాన్పించింది. కానీ అప్పటికే మిషన్ల బెల్టుల పని చేతికి వచ్చేసింది. ప్రాజెక్టులో షికారు బోటు తిప్పే కాంట్రాక్టరొకడు ఈయన పని విని, డీజిల్ ఇంజను బోటుకు డ్రైవరుగా, మెకానిక్‌గా రెండింటికీ ఈయన్నే పెట్టుకున్నాడు.

"గొర్రెల్ని కాసినోనివి, మనుషుల్ని కాసుడు ఎంత?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"గొర్రెలే నయమమ్మా, మాట ఇంటయి. గీళ్ళు ఫోటోలకని అందరు ఒక్కదిక్కే ఉరుకుతరు."

ఒకసారి మేమూ పిల్లలతో వెళ్ళాం. అందరం ఎక్కి కూర్చున్నా ఆయన ఇంజను స్టార్టు చేయడే! మూత ఎత్తి బెల్టును వేలితో నొక్కి చూశాడు. కింద నల్లటి రబ్బరు పొడి ఏమైనా రాలిందా అని వేలు పెట్టి తుడిచి చూశాడు. తర్వాత మొలలోంచి నల్లని ఉన్నిదారం తీసి, ఇంజను పుల్లీ ముఖం మీద ఒక కొస పట్టి, రెండో కొసను డైనమో పుల్లీ దాకా బిగువుగా లాగాడు. రెండు పుల్లీల ముఖాలకూ దారం ఈ అంచునా ఆ అంచునా అంటుకుని ఉంటే గీత సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడైనా సందు కనిపిస్తే డైనమో పక్కకు జరిగినట్టు. ఆ రోజు సన్నటి సందు కనిపించింది. బోల్టులు వదులు చేసి, వెనక పల్చటి వాషరొకటి దూర్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ దారం పట్టాడు. నాకు విసుగొచ్చి "ఇంతమాత్రం తేడాకు ఏమైతది?" అన్నాను. "ఇంజనును సల్లగుంచే నీళ్ళ పంపు గీ బెల్టు మీదనే తిరుగుతది. నడిమిట్ల గిది జారితే ఇంజను బందువెట్టుడే. నీళ్ళ మీద ఎవన్ని పిలుస్తవు?" అన్నాడు. ఆ దారం రుక్కమ్మ వడికినది. మెరిసే ఇనుము మీద నల్లదారమైతే సందు బాగా తెలుస్తుందట.

రుక్కమ్మ నాకు ఇంకా బాగా తెలుసు. కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు తాండూరు ఆస్పత్రికి డయాలసిస్‌కు వచ్చేది. రోడ్డు మీదుగా అయితే ప్రాజెక్టు చుట్టూ తిరిగి రావాలి. ఆ గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే ఆమె ఒళ్ళు తట్టుకునేది కాదు. కాంట్రాక్టరు పుణ్యం కట్టుకుని బోటు వాడుకోనిచ్చాడు. బోటులో ఇవతలి ఒడ్డుకు దాటి, పెద్దేముల్ మీదుగా షేర్ ఆటోలో తాండూరు వచ్చేవాళ్ళు. తిరుగు ఆటో దొరికేదాకా మా దుకాణంలో స్టూలు మీద కూర్చునేది. డాక్టర్లు గుక్కలు కొలిచినట్టు నీళ్ళు తాగమన్నారు. నేను మరచిపోయి గ్లాసు అందిస్తే నవ్వేది. "నీళ్ళ మీద వస్తున్న, నీళ్ళ మీద పోతున్న. తాగెటందుకు మాత్రం నాకు నీళ్ళు లెవ్వు వైశాలమ్మా!" అనేది. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

పిల్లలు లేరు వాళ్ళకు. శంకరప్ప బతుకంతా ఒక్క పని మీదే నిలిచి ఉండేది. రుక్కమ్మను టైముకు ఇవతలికి దాటించాలి, టైముకు ఇంటికి తేవాలి. మందు మాత్ర ఎప్పుడైనా తప్పింది కానీ, ఆ ఇంజను ఒక్కనాడూ తప్పలేదు.

ఇక ఆ దసరా సంగతి చెప్పాలి. చెప్పాలంటే నాకు ఇప్పటికీ దేవుడి మీద కోపం వస్తుంది.

పండగ ముందురోజు సాయంత్రం శంకరప్ప బెల్టు కోసం వచ్చాడు. పాతది అంచు అరిగి దారాలు తేలింది. "బోటు కిర్రుమంటున్నదమ్మా. డైనమో మస్తు జరిగినట్టుంది" అన్నాడు. కొత్త బెల్టు ఇచ్చి, ఈ రాత్రికే గీత సరిచేసుకో అన్నాను. "పోయేతాల్లకే పొద్దుగూకుతది. బెల్టు ఏస్త గని, గీత పొద్దుగాల్ల సూస్త. నల్లదారం ఎల్తురుల గాని కనవడదు" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎవరైనా అదే చేస్తారు.

తెల్లవారి లేచేసరికి రుక్కమ్మ ఆయన కంటే ముందే లేచి ఉంది. ఒంట్లో ఓపిక లేని మనిషి, వాకిలి అలికి, పానాలు, స్క్రూడ్రైవర్లు, వాషర్ల డబ్బా, ఆ ఉన్నిదారం ఉండ, అన్నీ కడిగి తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కులదేవుడు బీరప్ప గూట్లో వరసగా పేర్చేసింది. వాళ్ళ ఇళ్ళలో దసరానాడు ఉన్ని కత్తిరించే కత్తెరలకు పూజ చేస్తారు. మంద పోయాక కత్తెర జాగాలో పానాలు వచ్చాయి. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాటి పొద్దు దాకా ఎత్తకూడదు. అది అందరూ పాటించేదే కానీ, రుక్కమ్మకు మరీ పట్టింపు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాయన దసరానాడు అవసరపడి కత్తెర ఎత్తాడట. ఆ ఏడే రోగమొచ్చి మంద మందే పోయిందట.

శంకరప్ప గూటి ముందు నిలబడిపోయాడు. అది డయాలసిస్ రోజు.

"ఒక్క పానా తీసుకుంటనే. గీత సరిజేసి మల్ల గిన్నే పెడ్త."

"అట్ల అనకు. నా పాణం మంచిగుండాల్నని మొక్కి పెట్టిన. నాకోసమని నువ్వే ఎత్తితివనుకో, గది నాకే తగుల్తది."

"బెల్టు కిర్రుమంటున్నదే రుక్కా."

"కిర్రుమంటె అననియ్యి. ఒక్క పొద్దు గద."

ఆ మాట తర్వాత ఆయన ఏం చేయగలడు? దేవుణ్ణి కాదనవచ్చు. ఆయనకు ఆ ధైర్యం ఉంది. కానీ ఆమె తన ప్రాణాన్నే ఆ గూట్లో పెట్టానంటోంది. ఏ పానా ఎత్తినా, ఇక ఆమెకు ఏ చిన్న నొప్పి వచ్చినా ఆ పానా వల్లే అనుకుంటుంది. ఆ భయంతోనే సగం చస్తుంది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. మనసులో లెక్క వేసుకున్నాడు, ఒక్క దాటుడే కదా అని.

బోటు దగ్గర ఇంజను తిప్పగానే బెల్టు అరిచింది. రుక్కమ్మ ముఖం మాడిపోవడం చూసి, బట్టల సబ్బు ముక్క తెచ్చి బెల్టు లోపలి అంచుకు రుద్దాడు. పిండిగిర్నీల వాళ్ళు చేసే పని అది. ఆ పని చేసినవాళ్ళను శంకరప్ప నా ముందే ఎన్నిసార్లు తిట్టాడో! సబ్బు రుద్దితే అరుపు ఆగుతుంది, వంకర అట్లాగే ఉంటుంది, బెల్టుకు పట్టు పోయి ఇంకా జారుతుంది. అన్నీ తెలిసే రుద్దాడు. చప్పుడు ఆగింది. "సూసినవా, దేవుడే సల్లగ జేసిండు" అని ఆమె సంబరపడింది.

ప్రాజెక్టు నడుమకు వెళ్ళాక బెల్టు పుల్లీ గాడిలో పైకెక్కి, తిరగబడి, బయటికి ఎగిరింది. మళ్ళీ వేద్దామంటే అంచు చీరి దారాలు వేలాడుతున్నాయి. అయినా వేసేవాడేమో, డైనమో వదులు చేయడానికి పానా లేదు. ఒక్క పానా లేదు. ఆయన బోటులో అట్లాంటి రోజు అంతకు ముందు రాలేదు. ఇంజను వేడెక్కి పొగలు రాబోతుంటే బందు చేసి, అడుగున పరిచిన చెక్కపలక ఊడదీసి తెడ్డులాగా వేయసాగాడు. ఎదురుగాలి. పండగపూట నీళ్ళ మీద మరో పడవ లేదు. అరిస్తే ఒడ్డు మీద వినేవాడు లేడు.

నెత్తిమీద ఎండ. రుక్కమ్మకు ఆయాసం మొదలైంది. కొంగు నెత్తికి కప్పుకుని ఆయన నడుం విరిగేలా వంగి పలకతో నీళ్ళు తోయడం చూస్తూ, "నేను పానాలు ఎత్తనిస్తె గిట్లయ్యేది కాదు గద?" అంది.

శంకరప్ప తెడ్డు ఆపలేదు. "నీదేం లేదే. గీత సక్కగనే ఉన్నది, పొద్దుగాల్ల కండ్లతోని సూసిన. బెల్టే దొంగది. గా తాండూరు సేటమ్మ నకిలీ సరుకు అంటగట్టింది. రేపు పోయి కడిగేస్త" అన్నాడు.

"అట్లనా? పానా ఉన్నా గింతేనా?"

"పానా ఉంటె ఏంజేస్తది, బెల్టే మంచిది గాకుంటె?"



ఒడ్డు చేరి, ఆటో పట్టుకుని, ఆస్పత్రికి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆస్పత్రి వాళ్ళు వెంటనే మిషను పెట్టారు. పండగ వదులుకుని డాక్టరమ్మ పక్కనే ఉంది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి రుక్కమ్మ చెల్లెలు వెంకటమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. రుక్కమ్మ నన్ను చూసి ఏదో అనబోయింది, ఊపిరి అందలేదు. మర్నాడు ఉదయం పోయింది. గుండె ఎప్పుడో నీరసించిపోయిందని, టైముకు వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరమ్మ అంది. చెప్పలేమట. ఆ ముక్క విన్నప్పుడు శంకరప్ప ముఖం చూశాను. టైముకు వచ్చి ఉంటే బతికేదని చెప్పినా ఏడ్చి ఊరుకునేవాడేమో. ఎటూ తేల్చని ఆ మాటను ఆ మనిషి ఎన్నాళ్ళు మోయాలి?

దినాలు కాకముందే ఒకరోజు దుకాణానికి వచ్చాడు. గడప దాటలేదు. బోటులో జరిగిందంతా, నేను ఇప్పుడు చెప్పినదంతా, అక్కడే నిలబడి తల వంచుకుని చెప్పాడు.

"నీ దుకాణం మీద ఏసిన వైశాలమ్మా. నీ బెల్టు దొంగదన్న. నువ్వు గాకుంటె ఎవరి మీద ఎయ్యాల్నో గప్పుడు తోయలె. ఊరందరికీ గిట్లనే జెప్పిన."

నాకు ఒళ్ళు మండింది. అబద్ధమెందుకు, మండింది. మామగారి నాటి నుంచి వస్తున్న పేరు. అప్పటికే కోట్‌పల్లి వైపు నుంచి ఇద్దరు ముగ్గురు మా దగ్గరికి రావడం మానేశారు. మా ఆయన ఇంట్లో అరుస్తున్నారు. "ఆమె పోయింది కదా శంకరన్నా! ఇంకెందుకు ఆ మాట? నిజం చెప్పరాదూ?" అన్నాను.

"నిజం జెప్తె ఏమంటరు? మొగుని చేతులు కట్టేసి తన సావు తనే తెచ్చుకున్నదంటరు. మొండి ముండ అంటరు. సచ్చినదాన్ని అననియ్యనా? నన్ను అంటె పడ్త. గని నేను సూసుకోలేదంటె వెంకటమ్మ తోడి తోడి అడుగుతది, ఎందుకు సూడలేదని. పానాల దాంక వస్తది. గందుకనే బెల్టు మీద ఏసిన. బెల్టుకు నోరు లేదు."

నోరు లేనిది బెల్టుకే, నాకుంది. ఆ నోటితోనే, ఎవరైనా అడిగితే సరుకు సరిగా లేదనే చెబుతానన్నాను. ఆయన చేతులెత్తి దండం పెట్టబోతే, "దండాలొద్దు, పో ఇంటికి" అని కసిరాను. ఆయన వెళ్ళాక గోడౌన్లోకి పోయి ఏడ్చాను. రుక్కమ్మ కోసమో, ఆయన కోసమో, నా దుకాణం పేరు కోసమో, ఇప్పటికీ చెప్పలేను.

పెద్దకర్మ అయ్యాక వెంకటమ్మ వచ్చింది. కుల్కచర్లలో ఉంటుంది ఆమె. అంత దూరం నుంచి నన్ను తిట్టడానికే వచ్చిందనుకుని, ఆమె నోరు తెరవకముందే అప్పజెప్పేశాను. "అవునమ్మా, బెల్టు మంచిది కాదు. మీ బావ తప్పేం లేదు. కంపెనీ మోసం చేసింది, నేను చూసుకోలేదు."

వెంకటమ్మ నా ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడ గట్లనే అంటున్నవా అమ్మా? నీకు బావ జెప్పిండా?"

నేను స్టూలు ముందుకు జరిపాను.

"నువ్వు రాకముందే ఆస్పత్రిల అక్క నాకు అన్నీ జెప్పింది. పానాలు తనే గూట్లె పెట్టిందట. బావ సబ్బు రుద్దంగ సూసిందట. 'మీ బావ నాకోసం బెల్టు మీద ఏస్తున్నడు చెల్లె, నమ్మినట్టె ఉన్న. నాకు తెలుసని ఎరుకైతె ఇరిగి పోతడు. నేను పోయినంక కూడ చెప్పొద్దు' అన్నది. దుకాణం కాడికి పోయి గా సేటమ్మకు కూడ చెప్పుమన్నది, బావ మీద కోపం పెట్టుకోవద్దని."

స్టూలు వేస్తే కూర్చోలేదు. చెప్పాల్సింది చెప్పేసి, కుల్కచర్ల బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. నేను గిరాకీలను వెనక్కి పంపేసి కూర్చున్నాను. ఆ బోటులో, ఆ ఎండలో, ఒకరి కోసం ఒకరు చెప్పుకున్న అబద్ధాలే తలచుకుంటూ ఉండిపోయాను. మనసు విప్పి ఏడ్చుకోవాల్సిన ఆఖరి గంటలో కూడా వాళ్ళిద్దరూ ఒకరినొకరు కాపాడుకోవడంలోనే పడ్డారు. ఇంత ప్రేమ ఎందుకు ఇస్తాడు దేవుడు, ఇట్లా ఖర్చు పెట్టించడానికా?

శంకరప్ప బోటు పని మానేశాడు. ఇప్పుడు పెద్దేముల్‌లో ఒక పిండిగిర్నీలో కూర్చుంటాడు. మొన్న గిర్నీకి బెల్టు కావాలని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బెల్టు చుట్టి ఇచ్చాను. సంచిలో పెట్టుకున్నాక కూడా కదలకుండా గల్లా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"వైశాలమ్మా, ఒక్క మాట. ఆస్పత్రిల నువ్వు రుక్కమ్మను సూసినవు గద. నేను బెల్టు దొంగదంటె... ఆమె నమ్మింది గద?"

ఆయన కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"నమ్మింది శంకరన్నా" అన్నాను. "నన్ను చూడగానే ముఖం తిప్పుకుంది."

ఆయన ముఖం తేటపడింది. "గట్లనా? మంచిగైంది" అని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.